నర్సింగ్ విద్యార్థుల్ని ఊరి పనికి ఎలా తయారు చేయాలి? ఉద్దానంలో ఒక ఎంఎల్‌హెచ్‌పీగా నా జవాబు

మేడమ్, విజయనగరంలో బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు కమ్యూనిటీ హెల్త్ చెబుతున్నానని రాశారు. పోస్టింగ్‌కి తీసుకెళ్తే చార్టులు తగిలించి, ఫ్యామిలీ ఫోల్డర్లు (ఇంటింటి ఆరోగ్య వివరాల ఫైళ్లు) నింపి వచ్చేస్తున్నారని, రేపు వీళ్లలో చాలామంది విలేజ్ క్లినిక్‌లలో చేరేవాళ్లే కాబట్టి ఏం మార్చాలో ఫీల్డులో ఉన్నవాళ్లు చెప్పమని అడిగారు. నేను విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేసి, తర్వాత ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, అంటే విలేజ్ క్లినిక్ చూసుకునే నర్సుగా) శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊరికి వచ్చాను. ఇక్కడ చూసిందే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు పిల్లలకు నేర్పాల్సింది, క్లినిక్‌కి రానివాళ్ల పేర్లు రాసుకోవడం.

వార్డులో మన బాధ్యత బెడ్డు మీద ఉన్న పేషెంటు. డ్యూటీ దిగేటప్పుడు హ్యాండోవర్ ఇస్తాం, అక్కడితో అయిపోతుంది. విలేజ్ క్లినిక్‌లో కూర్చుంటే సుమారు 2,500 మంది జనాభా మొత్తం మన లెక్కలోకి వస్తారు. 30 ఏళ్లు దాటినవాళ్లు జనాభాలో 37 శాతం ఉంటారని ప్రభుత్వ ప్లానింగులో అంచనా వేసుకుంటారు. అంటే ఒక్క క్లినిక్ కింద 900 మంది పైమాటే. వాళ్లందరికీ ఏడాదికోసారి బీపీ, షుగరు చూడాలి. కానీ రోజూ ఓపీకి వచ్చేది ఎవరు? గర్భిణులు, దగ్గు జలుబుతో పిల్లలు, మోకాళ్ల నొప్పులతో ముసలివాళ్లు. 35 నుంచి 55 మధ్య మగవాళ్లు గడప తొక్కరు. ఉద్దానంలో ఆ వయసు మగవాళ్లలో చాలామందికి కిడ్నీ జబ్బు ఉంది. ఓపీ రిజిస్టరు నిండుగా ఉంది కదా అని సంబరపడితే అసలు మనుషులు మన చేతికి చిక్కరు.

అందుకని పోస్టింగులో "తలా అయిదు కుటుంబాలు ఎంచుకోండి" అనడం మానేయండి. ఎంచుకోమంటే రోడ్డు పక్కనున్న ఇళ్లు, కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చే ఇళ్లే ఎంచుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరైనా అంతే. దానికి బదులు ఒక బ్యాచ్‌కి ఒక వీధి మొత్తం ఇవ్వండి. తాళం వేసిన ఇల్లు కూడా లెక్కలోకి రావాలి. ఆ వీధిలో 30 దాటినవాళ్లు ఎంతమంది, ఏడాదిలో బీపీ చూసింది ఎంతమందికి, ఉందని తేలింది ఎంతమందికి, వాళ్లలో మందు రోజూ వేసుకునేది ఎవరు, చివరికి 140/90 లోపు ఉన్నది ఎవరు. ఈ అయిదు అంకెలు ఒక్క కాగితం మీద రాయించండి. ఒక్కో మెట్టుకీ మనుషులు రాలిపోవడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఎందుకు రాలిపోయారో ఒక్కొక్కరి పేరు పక్కన కారణం రాయమనండి. పనికి పోయి సాయంత్రానికి గాని రాడు, మాత్ర వేసుకుంటే నీరసమంటాడు, బీపీ తగ్గిందని మానేశాడు, చెన్నైలో ఉన్నాడు, ఇలా. తర్వాతి సెమిస్టర్‌లో అదే బ్యాచ్‌ని అదే వీధికి పంపండి. అప్పుడే వాళ్లకు పని అంటే ఏమిటో తెలుస్తుంది.

వలస సంగతి విడిగా చెప్పాలి. మన రెండు జిల్లాల్లోనూ ఇది పెద్ద విషయం. కూలి పనులకు హైదరాబాద్, చెన్నై పోతారు. తీరం ఊళ్ల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్లలో నెలల తరబడి ఉంటారు. కాగితం మీద వాళ్లు మన జనాభా, మనుషులు మాత్రం ఊళ్లో ఉండరు. సంక్రాంతికి, అమ్మవారి సంబరాలకు వస్తారు. ఆ నాలుగు రోజులూ మాకు పని తడిసి మోపెడవుతుంది, అయినా క్లినిక్ మూయం. ఇంటికొచ్చిన కొడుకుని తల్లే చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఎవరు ఏ రోజు దిగుతారో ఆశా కార్యకర్తకి ముందే తెలుసు. సీబ్యాక్ ఫారం (బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పు ఎవరికి ఎక్కువో అంచనా వేసే ప్రశ్నల కాగితం) నింపేటప్పుడు కూడా అంతే. పొగాకు, మద్యం, నడుము కొలత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా అని అడిగి స్కోరు వేస్తాం కదా, 4 దాటితే ముందు వాళ్లని పరీక్షకి పిలవాలి. ఫారం నింపడం ఎవరైనా చేస్తారు. "మందు తాగుతారా" అని అత్తగారి ముందు అడిగితే నిజం రాదని ఆశాకి తెలుసు, మన పిల్లలకి తెలియదు. బీఎస్సీ చదివామని ఆశా దగ్గర, ఏఎన్‌ఎం దగ్గర పెద్దరికం చూపించే పిల్లలు ఇక్కడ నెగ్గుకు రాలేరు. కనీసం ఒక వారం పాటు ఆశా వెనకాలే నడవాలి, ఆవిడ మాట్లాడుతుంటే వినాలి. దానికి మార్కులు కూడా పెట్టండి.

ఇక కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీని బారిన పడని వీధి దొరకడం కష్టం. మాకు బాగా దగ్గరున్న ఊళ్లో ఒకాయనకి రక్తం తీయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) 2 దాటింది. ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్తే ఆయన అప్పుడే కొబ్బరి చెట్టు దిగి, నడుముకి కత్తితోనే నిలబడ్డాడు. "నాకేటైనాదమ్మా, పొద్దున్నించి సెట్లెక్కుతున్నాను, ఒంట్లో బాగానే ఉంది" అన్నాడు. నిజంగానే ఆయనకి వాపుల్లేవు, బీపీ మామూలుగానే ఉంది, మూత్రంలో స్ట్రిప్ పెడితే ప్రోటీన్ దాదాపు లేదు. పుస్తకంలో చదివిన కిడ్నీ జబ్బు ముఖం ఉబ్బుతో, కాళ్ల వాపుతో వస్తుంది. ఇక్కడిది చాలామందిలో చప్పుడు లేకుండా వస్తుంది, స్ట్రిప్‌ని నమ్ముకుంటే దాటిపోతుంది. అందుకని క్రియాటినిన్ చూడాలి, దానితో ఆగకుండా వయసు, ఆడా మగా అన్నది కలిపి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) లెక్క కట్టాలి. బక్కపలచని ముసలమ్మకి కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ 1.1 అని చూడ్డానికి బాగానే ఉంటుంది, ఈజీఎఫ్‌ఆర్ మాత్రం 60 కిందకి పడిపోయి ఉండొచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అనాలి. ఈ లెక్క మీ ఫైనలియర్ పిల్లలందరికీ రావాలి.

"ఎందుకొస్తందమ్మా ఈ జబ్బు?" అని ప్రతి ఇంట్లో అడుగుతారు. నీళ్లా, ఎండా, పురుగుమందులా, నొప్పి మాత్రలా అని ఏళ్లుగా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి, ఇదే అని ఒక్క కారణం ఇంకా తేలలేదు. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పడం మన పిల్లలకు నేర్పాలి. తోచిన కారణమేదో చెబితే రేపు ఇంకొకరు ఇంకోటి చెబుతారు, మన మాటకి విలువ పోతుంది. తెలిసినవి గట్టిగా చెప్పాలి. ఎండలో పనిచేసేటప్పుడు నీళ్లు తాగుతూ ఉండాలి, బీపీ అదుపులో ఉంచుకోవాలి, నొప్పి మాత్రలు ఊరికే మింగకూడదు.

నొప్పి మాత్రల దగ్గర నర్సు పని క్లినిక్ గోడ దాటిపోతుంది. జీడి తోటల్లో, కొబ్బరి తోటల్లో పొద్దంతా వంగి పనిచేసేవాళ్లకి ఒళ్లు నొప్పులు రోజూ ఉంటాయి. కిరాణా కొట్లో మాత్ర దొరుకుతుంది, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది దొరుకుతుంది. మేం ఎంత హెల్త్ టాక్ చెప్పినా మారలేదు. ఆర్‌ఎంపీ ఇంటికెళ్లి కూర్చుని, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే మాట్లాడుకున్నాక మారింది. వాళ్లకి తెలియకుండా పేర్లు చెప్పకూడదు కాబట్టి ముందు ఒక్కొక్కరి దగ్గరా ఒప్పుకోలు తీసుకున్నాం. ఆయన వాళ్లకి సూది ఆపేశాడు, కొత్తగా అనుమానం వచ్చినవాళ్లని మా దగ్గరికి పంపుతున్నాడు. ఆర్‌ఎంపీ తోనా అని మొదట మా వాళ్లే ముఖం చిట్లించారు. కానీ ఊరు రాత్రి పది గంటలకు తలుపు కొట్టేది ఆయన ఇంటిదే. ఇలా మాట్లాడి ఒప్పించడాన్ని రోల్ ప్లేగా క్లాసులో చేయించండి.

మన ప్రాంతానికే సంబంధించిన ఇంకో సంగతి అడ్డపొగ. చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నోటి క్యాన్సర్ పరీక్ష అనగానే పిల్లలు బుగ్గల లోపల, నాలుక పక్కన చూసి టార్చి ఆర్పేస్తారు. అడ్డపొగ కాల్చేవాళ్లకి దెబ్బ పడేది అంగిలికి. తల బాగా వెనక్కి వాల్చి, కట్టుడు పళ్లుంటే తీయించి, అంగిలి మీద తెల్ల మచ్చలు, ఎర్ర చుక్కలు, పుండు ఉన్నాయేమో చూడాలి. 1960ల్లోనే ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు దేశంలో 50,000 మందికి పైగా గ్రామీణుల నోళ్లు ఇంటింటికీ తిరిగి పరీక్షించినప్పుడు, ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ తర్వాత ఎర్నాకుళం, భావ్‌నగర్‌తో పాటు ఇక్కడ కూడా పొగాకు వాడేవాళ్లని ఏళ్ల తరబడి వెంట ఉండి చూశారు, మానమని నచ్చజెప్పారు. మానేసినవాళ్లలో మచ్చలు తగ్గాయి. జనాభా మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని పనిచేయడం మన జిల్లాకి కొత్తేమీ కాదని పిల్లలకు చెప్పండి, వాళ్లకి గర్వంగా ఉంటుంది.

క్లినికల్ స్కిల్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. బీపీ చూసేముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపు ఆనాలి, మాట్లాడనివ్వకూడదు, లావు చేతికి పెద్ద కఫ్ వాడాలి, రెండుసార్లు చూడాలి. ఐసీయూలో మానిటర్ చూసి అలవాటైనవాళ్లకి ఇదే కష్టం. బీపీ, షుగరు మాత్రలు కొత్తగా మొదలుపెట్టే అధికారం మనకి లేదు. మెడికల్ ఆఫీసర్ రాసింది కొనసాగించగలం, అవసరమైతే ఈ-సంజీవని (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ) కాల్‌లో డాక్టర్‌ని పిలవగలం. కాల్‌లో పేషెంటు సంగతి రెండు నిమిషాల్లో పద్ధతిగా చెప్పడం ప్రాక్టీసు చేయించాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్‌లో మిడ్ లెవెల్ పని బీఎస్సీలోనే కలిపేశారు, మాలాంటివాళ్లం ముందు 6 నెలల బ్రిడ్జి కోర్సు చేసొచ్చాం. కాబట్టి ఇప్పుడు ఈ భారమంతా మీలాంటి టీచర్ల మీదే ఉంది.

రిఫరల్ గురించి మాత్రం నిదానంగా చెప్పండి. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారు, మాకు చాలా మేలు జరిగింది. అయినా చీటీ రాసిచ్చినంత మాత్రాన మనిషి వెళ్లడు. ఆ రోజు కూలి పోతుంది, తోడు ఎవరొస్తారు, ఆధార్ ఎక్కడుంది, బస్సు ఎన్నింటికి అని ఉంటుంది. మా దగ్గర చీటీ రాసిన రోజే ఎవరు తీసుకెళ్తారో కూడా రాసుకుంటాం, వారం తర్వాత ఫోన్ చేస్తాం. వెళ్లివచ్చాక డాక్టర్ ఏం రాశారో చూసి మా రిజిస్టర్‌లో ఎక్కిస్తాం. రిజిస్టర్ అంటే గుర్తొచ్చింది, యాప్‌ల పని చాలా ఉంటుంది, ఒక్కోరోజు మనుషులతో మాట్లాడే టైమంతా దానికే పోతుంది. పిల్లలకి టెన్షన్ పెట్టకుండా, ఎంట్రీ చేసిన అంకెలతో మన వీధి గురించి ఏం తెలుస్తుందో అడగండి. చేతిరాత జాబితా ఒకటి విడిగా ఉంచుకోమనండి, సిగ్నల్ లేని రోజు అదే దిక్కు.

మీరు పిల్లల్ని తీసుకురావాలనుకుంటే హైవే పక్క ఊళ్లు వద్దు, లోపలి ఊళ్లు అడగండి. జీడి సీజన్‌లో, మార్చి తర్వాత, పగలు ఇళ్లల్లో ఎవరూ ఉండరు కాబట్టి పొద్దున్న ఆరింటికీ సాయంత్రం అయిదు తర్వాతా విజిట్లు పెట్టుకోవాలి. కాలేజీ బస్సు టైమింగ్ దానికి తగ్గట్టు మార్చమని మీ ప్రిన్సిపాల్‌ని ఒప్పించండి. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి ముందుగా లెటర్ పెడితే ఆశాలతో మీటింగ్ ఏర్పాటు మేం చూసుకుంటాం.