చివరి నాలుగు కిలోల కోసం రాత్రి భోజనం మానేయాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. కూర్చుని చేసే ఉద్యోగం. నిరుడు 69 కిలోలుండేదాన్ని. రోజుకు 1500 కేలరీలు లెక్కపెట్టుకుని తింటూ, సాయంత్రం అరగంట నడుస్తూ 60కి వచ్చాను. 56కి దిగాలని కోరిక. రెండు నెలలుగా మాత్రం అంకె కదలట్లేదు. శనివారం ఒక్కపొద్దు ఉంటాను, నెలకోసారి అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్తాను. రాత్రి భోజనం మానేసి 1000 కేలరీలకు దిగమని స్నేహితురాలు అంటోంది. చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సలహా: వద్దమ్మా. 1000 కేలరీలకు దిగితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. జుట్టు రాలడం, నీరసం, నెలసరి తప్పడం మొదలవుతాయి. మళ్లీ మామూలుగా తినగానే పోయిన బరువు తిరిగొస్తుంది. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా మీలాంటివారు 1200కు తగ్గకూడదు.

ముందు ఒక మాట. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, ఇప్పుడు 24 దాటి ఉంది. మన దేశస్థులకు 23 లోపు మంచిదంటాం, 56 కిలోలకు వస్తే మీరు ఆ లోపలికి వస్తారు. కాబట్టి మీ కోరిక సరైనదే. అయితే తొమ్మిది కిలోలు తగ్గి నిలబెట్టుకోవడమే పెద్ద పని, అది చేసేశారు. మిగిలినదానికి తొందరేమీ లేదు.

అంకె ఎందుకు ఆగింది? 69 కిలోలున్నప్పుడు మీ ఒంటికి రోజుకు దాదాపు 1850 కేలరీలు పట్టేవి. ఇప్పుడు 1700 పైచిలుకు చాలు. పైగా తిండి తగ్గి చాలా రోజులైతే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. మనకు తెలియకుండానే లేచి తిరగడం తగ్గుతుంది, మెట్లకు బదులు లిఫ్ట్ ఎక్కుతాం. అప్పట్లో 350 కేలరీల లోటు ఉంటే, ఇప్పుడు 200 ఉంటే గొప్ప. ఆ 200 ఎక్కడో భర్తీ అయిపోతోంది. కొలత తప్పడం ఎవరికైనా మామూలే.

నాకు మొదట అనుమానం వచ్చేది నూనె మీదే. అన్నం కప్పుతో కొలుస్తాం, తిరగమోతలో నూనె మాత్రం చేతి అంచనాతోనే పోస్తాం. ఒక టేబుల్ స్పూన్ నూనెలో 120 కేలరీల దాకా ఉంటాయి. నెలకు ఎన్ని లీటర్లు కొంటున్నారో చూడండి. నలుగురున్న ఇంట్లో నాలుగు లీటర్లు అవుతుంటే రెండున్నరకు తెండి. మనిషికి రోజుకు 100 కేలరీలు అక్కడే తగ్గుతాయి, ఒక్క ముద్ద కూడా మానక్కర్లేదు.

రెండోది మన చెనక్కాయలు. మంచి తిండే, మానమనను. కానీ గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 170 కేలరీలు. ఇడ్లీలోకి చట్నీ, సంగటిలోకి ఊరిబిండి, సాయంత్రం వేయించిన గింజలు: మూడూ కలిపి చూస్తే ఒక పూట భోజనమంత అవుతుంది. రోజులో ఒక్కచోట ఉంచుకోండి. సంగటి తింటే బరువు తగ్గుతారనే నమ్మకం కూడా మన జిల్లాలో గట్టిగా ఉంది. రాగుల్లో పీచు, కాల్షియం ఎక్కువ, నిజమే. కేలరీలు మాత్రం గ్రాముకు గ్రాము చూస్తే బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. ముద్ద సైజే ముఖ్యం.

ఇక శనివారం. స్వామి కోసం ఉండే ఒక్కపొద్దును నేను తప్పు పట్టను. రాత్రి ఏం తింటున్నారో మాత్రం రాసుకోండి. పగలంతా కడుపు మాడ్చుకుని రాత్రికి నాలుగు పూరీలు, రెండు వడలు తింటే ఆ రోజు లెక్క మామూలు రోజును మించిపోతుంది. ఉప్మా, పెసరట్టు లాంటిది చేసుకుని, కాస్త పెరుగు తీసుకుంటే సరిపోతుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఒకసారి ఎక్కితే ఐదారు వందల కేలరీలు ఖర్చవుతాయి. అయితే నెలంతటికీ పంచితే రోజుకు 20 కూడా రావు. ఇంకో సంగతి, ఎక్కాక పిక్కలు పట్టేసిన రెండు మూడు రోజులు కండరాల్లో నీరు నిలిచి బరువు ఎక్కువ చూపిస్తుంది. నెలసరి ముందూ అంతే. ఆ రోజుల్లో మిషన్ ఎక్కి టెన్షన్ పడకండి. వారంలో మూడు నాలుగు రోజులు పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకుని సగటు రాసుకోండి. నడుము చుట్టుకొలత రెండు వారాలకోసారి కొలవండి. ఆడవారికి అది 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

కాబట్టి మీరు 1500 దగ్గరే ఉండండి, ఆ 1500 నిజంగా 1500 అయ్యేలా చూసుకోండి. నూనె, చెనక్కాయలు సరిచేశాక నెలన్నర గడిచినా మార్పు లేకపోతే అప్పుడు ఇంకో 100 తగ్గించండి, అంతకు మించొద్దు. ప్రొటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు: పప్పు, ఉలవలు, పెరుగు, తినేవారైతే రెండు గుడ్లు, చేప. నడకకు తోడు వారానికి రెండు రోజులు బరువులతో గానీ, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం లాంటివి గానీ చేయండి. కండ నిలబడాలంటే అది తప్పనిసరి.

రోజుకు 200 లోటు నిలిస్తే నెలకు ముప్పావు కిలో తగ్గుతారు. నాలుగు కిలోలకు ఐదారు నెలలు పడుతుంది. గంగ జాతర వారంలో, పెళ్లిళ్ల నెలల్లో తగ్గకపోయినా పెరగకుండా ఉంటే చాలు.

విపరీతమైన అలసట, మలబద్ధకం, నెలసరి తేడాలు ఉంటే తిండి ఇంకా తగ్గించే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. షుగర్ మందులు లేదా ఇన్సులిన్ వాడేవారు ఈ మార్పులేవీ డాక్టర్‌ను అడక్కుండా చేయొద్దు, మోతాదు మార్చకపోతే షుగర్ పడిపోయే ప్రమాదముంది.