చెరువు శాసనాలు పక్కనపెట్టి మూడు నెలలు కవిలెకట్టల మధ్య ఉండవచ్చా?

ప్రశ్న: చరిత్రలో పిహెచ్‌డి మూడో సంవత్సరం చదువుతున్నాను. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల చెరువు శాసనాలు, దశబంధ మాన్యాలు నా అంశం. కావలి దగ్గరి ఒక సాంస్కృతిక సంస్థ, తన వద్ద మూటలుగా పడి ఉన్న పాత గ్రామ కవిలెలను (ఊరి లెక్కలు, సంగతులు రాసి ఉంచిన కట్టలను), దస్తావేజులను సర్దిపెట్టడానికి మూడు నెలలు అక్కడే ఉండి పనిచేయమని పిలిచింది. బస ఇస్తారు, జీతం లేదు. సిద్ధాంత గ్రంథం వెనుకబడుతుందని మా గైడుగారు సందేహిస్తున్నారు. వెళ్ళమంటారా?
– పరిశోధక విద్యార్థిని, ఆత్మకూరు

సమాధానం: వెళ్ళండమ్మా, కాని కాగితం మీద ఒప్పందం రాసుకున్న తరువాతే వెళ్ళండి.

మీ అంశానికి ఈ పిలుపు ఎంత దగ్గరో ముందు చూడండి. చెరువు తవ్వించినవారికి, దాని మరమ్మతు చూసేవారికి ఆ చెరువు కింది భూమిలో కొంత దశబంధ మాన్యంగా ఇచ్చిన సంగతి శాసనం చెబుతుంది. ఇచ్చిన రోజు మాటే అది. ఆ మాన్యం తరువాతి తరాలలో ఎవరి చేతికి పోయిందో, మరమ్మతు బాధ్యత ఎప్పుడు జారిపోయిందో రాయి చెప్పదు. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలను మీరు చూసే ఉంటారు. ఒంగోలు, కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి తాలూకాల శాసనాలు కూడా అందులోనే ఉన్నాయి. ఆ సంపుటాలు ఆగిన చోట మీకు దారి చూపగలిగినవి గ్రామ కవిలెలు, కరణాల లెక్కలు, మాన్య భూముల హక్కులను విచారించడానికి 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ నాటి కాగితాలు. ఆ మూటలలో అలాంటివి పది బయటపడినా మీ ఒక అధ్యాయం తీరే మారిపోతుంది. కాబట్టి మీ గైడుగారికి ‘అనుభవం కోసం వెళ్తాను’ అని చెప్పకండి. ఏ అధ్యాయానికి, ఏ కాగితాల కోసం వెళ్తున్నారో రాసి చూపండి.

ఇక కాలం సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌డికి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆపైన మరో రెండేళ్ళ వరకు పొడిగింపు, మహిళలకు అదనంగా ఇంకో రెండేళ్ళ సడలింపు ఇవ్వవచ్చు. మీరు బయట గడిపే మూడు నెలలూ ఈ లెక్కలోనే కలిసిపోతాయి గనుక, ప్రతి సెమిస్టరులో మీ ప్రగతిని పరిశీలించే పరిశోధక సలహా సంఘం ముందు ఈ పనిని పెట్టి, లిఖితపూర్వకమైన అనుమతి తీసుకోండి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) పొందుతున్నట్లయితే వేరొక చోట జీతం తీసుకోకూడదు. బస, దారిఖర్చుల గురించి కూడా విశ్వవిద్యాలయాన్ని ముందే అడగండి. ఫెలోషిప్ లేనివారిని మాత్రం జీతం లేకుండా మూడు నెలలు పనిచేయమనడం న్యాయం కాదని నా అభిప్రాయం. బ్రిటన్‌లో మ్యూజియంలు, గ్రంథాలయాలు విశ్వవిద్యాలయంతో కలిసి ఒకే పరిశోధకుడికి పర్యవేక్షణ చేసే పద్ధతి స్థిరపడింది. మన నిబంధనలు కూడా బయటి సంస్థవారిని సహ పర్యవేక్షకులుగా తీసుకోవడానికి అవకాశమిస్తున్నాయి గాని, దాన్ని వాడుకునేవారు నాకు అరుదుగా కనిపిస్తున్నారు.

ఒప్పందం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనొక సంస్థలో రెండు నెలలు కూర్చుని తాళపత్రాల కట్టలను విడదీసి, ప్రతి కట్టకూ చీటీ కట్టాను. జాబితా నా నోటుపుస్తకంలో ఉండిపోయింది. సంస్థ రిజిస్టరులో ఒక్క నంబరూ ఎక్కలేదు. ఎక్కించమని అడగాలని నాకు తోచలేదు, ఎక్కించాలని వారూ అనుకోలేదు. నాలుగేళ్ళ తరువాత వెళ్ళేసరికి చీటీలు ఊడిపోయి కట్టలన్నీ మళ్ళీ కలిసిపోయాయి. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. అందువల్ల రోజూ సర్దిన కాగితాలు ఆ రోజే రిజిస్టరులో ఎక్కాలనీ, జాబితా ప్రతి ఒకటి సంస్థలో ఉండాలనీ, దాని మీద తయారుచేసినవారిగా మీ పేరు ఉండాలనీ, ఆ కాగితాలను సిద్ధాంత గ్రంథంలో ఉటంకించే హక్కు మీకు ఉండాలనీ రాయించండి. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 నాటి కాపీరైటు చట్టం యజమానినే తొలి హక్కుదారుగా చూస్తుంది. మీది ఉద్యోగం కాదు గనుక, జాబితా మీద హక్కు ఎవరిదన్న సందేహానికి చోటు లేకుండా ముందే తేల్చుకోవడం ఇద్దరికీ మేలు.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర చిన్న గ్రంథాలయం. తాటాకు కట్టలు కొన్ని ఉన్నాయి. పరిశోధకులు ఎవరైనా వచ్చి ఉండి చూస్తామంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– గ్రంథాలయ కార్యదర్శి

సమాధానం: కట్టలను గడప దాటనివ్వకండి. చారిత్రక, సాహిత్య విలువ కలిగి 75 ఏళ్ళు దాటిన రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. చూడటం, ఫొటో తీయడం అంతా మీ గదిలోనే, మీవారొకరు ఉండగానే జరగాలి. తీసిన ఫొటోల ప్రతి మీకు ఇచ్చి వెళ్ళాలి. ఆకులకు నిమ్మగడ్డి నూనె పూయడం మంచిదే అయినా, నేర్చినవారి చేతుల మీదుగానే చేయించండి. వచ్చినవారికి కూర్చోవడానికి వెలుతురున్న బల్ల, మంచినీళ్ళు, తాళం వేసుకునే బీరువా ఉంటే చాలు. అంతకుమించి ఏర్పాట్లు లేవని పిలవడానికి సంకోచించకండి.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేస్తున్నాను. ఇలాంటి సంస్థలకు నాతో ఏం పని ఉంటుంది?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: చాలా ఉంది. పాత తెలుగు అచ్చును కంప్యూటరు చేత చదివించడం ఇప్పటికీ తప్పులతో నడుస్తోంది. అరసున్న, బండి ఱ, వలపలగిలక (అక్షరం పక్కన వేసే ‘ర్’ గుర్తు) ఉన్న పుటలను నేటి అచ్చుకు అలవాటుపడిన ప్రోగ్రాములు తికమకపడి చదువుతాయి. ఏదైనా పాత గ్రంథాలయంలో ఒక నెల ఉండి, వంద పుటలను మూలంతో పోల్చి సరిచేసిన పాఠం తయారుచేయండి. అది మీ పరిశోధనకు పరీక్షా సామగ్రి అవుతుంది, ఆ గ్రంథాలయానికి వెతుక్కోగలిగిన పుస్తకం అవుతుంది. పద్యాలు తెలిసిన పెద్దవారెవరైనా ఆ ఊళ్ళో ఉంటే వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. బండి ఱ ఎక్కడ రావాలో వారు వినగానే చెబుతారు.