ద్రోహం 34 సార్లు

అమ్మాయ్, ఆశీస్సులు.

నవల చదివాను. భాష బాగుంది. ఇక అసలు సంగతి.

నీ రాతప్రతిలో 'ద్రోహం' అన్న మాట 34 సార్లు వచ్చింది. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి మరీ లెక్కపెట్టాను. 1756 జనవరిలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఇంగ్లండ్‌తో ఒప్పందం చేసుకుంటే, అప్పటిదాకా తన జట్టులో ఉన్న ఫ్రాన్స్‌కి ద్రోహమట. మే నెలలో ఫ్రాన్స్ వెర్సాయ్‌లో తన పాత పగవాడు ఆస్ట్రియాతో చేతులు కలిపితే అదీ ద్రోహమేనట. 1740లో ఫ్రెడరిక్ ఆస్ట్రియా నుంచి లాక్కున్న సైలీషియా ప్రాంతం మీదే కదమ్మా ఆ దేశపు రాణి మరియా తెరీసా కన్నంతా! గట్టు తగాదాలు చూసి పెరిగిన మన పాఠకుడికి ఇంత గుండెలు బాదుకుని చెప్పాలా?

కానీ 72వ పేజీలో మూడు లైన్ల దగ్గర ఆగిపోయాను. ప్రష్యా పక్క రాజ్యం సాక్సనీ, దాని రాజధాని డ్రెస్డెన్‌లో దఫ్తరం గుమస్తా మెంట్సెల్. ప్రష్యా డబ్బుకి ఆశపడి, ప్రష్యావాళ్ళు తమ పాట్స్‌డామ్‌లో చేయించి పంపిన దొంగ తాళంచెవులతో బీరువా తెరిచి, రహస్య లేఖలు నకలుకి అందించినవాడు. అవి చదివినకొద్దీ ఫ్రెడరిక్‌కి అనుమానం ముదిరింది. 1756 ఆగస్టు 29న సాక్సనీ మీద పడ్డాడు. మెంట్సెల్ 1757లో దొరికాడు. ఆయన ఖైదులో ఉండగానే, 1772లో, ప్రష్యా, ఆస్ట్రియా రష్యాతో కలిసి పోలండ్‌ని పంచుకున్నాయి. 1792కి ఆ ఇద్దరూ ఒక జట్టై ఫ్రాన్స్‌తో యుద్ధానికి దిగారు. ఈయన మాత్రం 1796లో కోనిగ్‌స్టైన్ కోటలో ఖైదీగానే పోయాడు.

ఇంత మనిషికి మూడు లైన్లా?

నేనూ తాలూకా ఆఫీసులో నకళ్ళు రాసినవాణ్ణే. కార్బన్ మరక ఎంత కడిగినా పోయేది కాదు, అన్నం ముద్దకీ అదే వాసన. ఎవరి పొలం ఎవరికి పోబోతోందో వాళ్ళిద్దరికన్నా ముందు నాకు తెలిసేది. తెలిసీ నోరు మూసుకుని ఇంటికెళ్ళేవాణ్ణి. దాని మీద కథ రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు గుమస్తాని తీసేసి జమీందారు గారి శృంగారం పెట్టమన్నాడు. పెట్టాను. వేశాడు. ఆ కథని నా ఏ సంపుటంలోనూ చేర్చలేదు. ఇప్పుడు చారిత్రక నవల అంటే పేజీకో సభ, సభకో శపథం. ఆ గాలి నీకూ సోకింది.

పబ్లిషర్ల గురించి ఏదో అడిగావు, తర్వాత చూద్దాం.

రాజులు ఉపన్యాసాలిచ్చే ఆ 16 పేజీలు తీసెయ్. మెంట్సెల్ మొదటిసారి తాళంచెవి తిప్పిన రోజు రాసి పంపు. బీరువా తలుపు చప్పుడు చేసిందా? పక్క గదిలో ఎవరున్నారు?