గట్టి రాయి చేత్తో నలిపితే పొడి ఎందుకవుతుంది?

వైజాగ్ మధురవాడలో పునాది తవ్వితే గ్రానైట్ లాంటి రాయి పొడిగా రాలిపోతోందని, అలా ఎందుకవుతుందని అడిగారు. వైజాగ్ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ అనే వేరే రకం రాయి, గ్రానైట్ కాదు. కానీ రెండూ చివికిపోయే తీరు దాదాపు ఒకటే.

గ్రానైట్ భూమిలో కిలోమీటర్ల లోతున గట్టిపడిన రాయి. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయి బరువు తగ్గితే అది బీటలు వారుతుంది, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. గాలిలోంచీ, మట్టిలో చెట్ల వేళ్ల నుంచీ కార్బన్ డయాక్సైడ్ కలవడం వల్ల ఆ నీళ్లకి కాస్త ఆమ్లగుణం వస్తుంది, అసలు పని చేసేది అదే, రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా తినేసి తెల్లటి బంకమట్టిగా మార్చేస్తుంది. క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం మాత్రం లొంగదు, ఇసుకగా మిగులుతుంది. ఆ పొడికి ఎరుపు రంగు వచ్చేది ఇనుము తుప్పు పట్టడం వల్ల. గ్రానైట్‌లో ఆ ఇనుము నల్ల అభ్రకం నుంచి వస్తుంది, మన ఖోండలైట్‌లో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం నుంచి.

అలా చివికిన రాయి ముక్కని గ్లాసు నీళ్లలో నలిపి చూడండి, నీళ్లు బురదగా మారతాయి, అడుగున గరగరలాడే ఇసుక చేరుతుంది.

ఒక్క జాగ్రత్త. బీటల దగ్గర ముందు చివికి, మధ్యలో గట్టి గుండు మిగిలిపోతుంటుంది. పలుగుకి అది తగిలితే గట్టి నేల వచ్చేసిందని ఆగిపోకండి, పక్కనే, కిందనే మెత్తగా ఉండొచ్చు.