మత్తడి దుంకే నక్షత్రాలు: ఒక కొత్త రచయిత్రికి లేఖ

హనుమకొండ,
కార్తీక మాసం.

చిరంజీవికి ఆశీస్సులు.

బిడ్డా, నీవు పంపిన 'ఆకాశ దంపతులు' వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిగా చదివి సంతోషించాను. రెండోసారి పెన్సిల్ పట్టుకొని చదివి, పన్నెండు పుటల్లో తొమ్మిదింటిని గీతలతో నింపాను. సైన్సును తెలుగులో చెప్పాలన్న పట్టుదల నీకుంది, వాక్యం ఎక్కడా పట్టు తప్పలేదు. అందుకే నాలుగు మెచ్చుకోలు మాటలతో సరిపెట్టడం నీకు అన్యాయం చేయడమే అవుతుందనిపించి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

వ్యాసానికి నీవు వేసిన పునాది ఇది: మిగతా జంట నక్షత్రాలలో ఒకటి కదలకుండా నిలబడితే రెండోది దాని చుట్టూ తిరుగుతుందనీ, వసిష్ఠుడూ అరుంధతీ మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారనీ, అందుకే మన పెద్దలు పెళ్లిలో ఆ జంటను చూపించారనీ. పెళ్లిళ్ల కాలం రాగానే ఈ మాట ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. వినడానికి ఇంపుగానే ఉంటుంది గానీ నిజం కాదు. గురుత్వాకర్షణతో ముడిపడిన ఏ రెండు నక్షత్రాలలోనూ ఒకటి స్థిరంగా ఉండదు. రెండూ తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. అది ఆ ఒక్క జంటకు దక్కిన ప్రత్యేకత కాదు, జంటలన్నిటికీ ఒకటే నియమం.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు పెద్దగా లేదు. ముప్పయ్యేళ్ల కిందట నేనూ ఒక పత్రికలో 'చిన్న నక్షత్రం పెద్దదాని చుట్టూ తిరుగుతుంది' అని ధీమాగా రాశాను. వారం తిరక్కుండా ఒక పల్లెటూరి బడిపంతులు పోస్టుకార్డు రాశారు: 'అయ్యా, మీరు కావడి మోసేవాణ్ణి ఎన్నడూ చూడలేదా?' చూడకేం? మా వాడకట్టుకు బావినీళ్లు మోసే మనిషి రెండు కుండలూ నిండుగా ఉన్నప్పుడు బద్దను సరిగ్గా నడుమ భుజానికెత్తుకునేవాడు. ఒక ఇంట్లో వెనక కుండ సగం వంపితే, మళ్లీ ఎత్తుకునేటప్పుడు బద్దను వెనక్కి జరిపి, బరువైన ముందు కుండ భుజానికి దగ్గరగా వచ్చేట్టు చూసుకునేవాడు. రెండు నక్షత్రాల మధ్య ఉమ్మడి కేంద్రం ఆ భుజం లాంటిది. బరువైనదానికి అది దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ నక్షత్రం చిన్న చుట్టు చుడుతుంది, తేలికైనది పెద్ద చుట్టు చుడుతుంది, కానీ రెండింటికీ పట్టే కాలం మాత్రం ఒకటే. ఆకాశంలో ఆ భుజం ఉన్న చోట ఏ వస్తువూ ఉండదన్నదొక్కటే తేడా.

ఈ కావడిని పట్టుకొని ముందుకు పోతే మృగవ్యాధుడి (సిరియస్) కథ దానంతటదే వస్తుంది. ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన ఆ నక్షత్రం తిన్నగా సాగక, అటూ ఇటూ ఒరుగుతూ పోతోందని జర్మన్ ఖగోళవేత్త బెసెల్ 1844లో గమనించి, కనిపించని తోడు ఒకటి దానికి ఉండి తీరాలన్నాడు. ఒక్క కుండే కనిపిస్తున్నా, అది ఊగే తీరును బట్టి రెండో కుండ ఉందని చెప్పాడన్నమాట. 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్తగా తయారైన కటకాన్ని పరీక్షిస్తూ ఆ తోడును కళ్లారా చూశాడు. అది సూర్యుడంత బరువుండీ భూమి అంత పరిమాణంలో ఉండే తెల్ల మరుగుజ్జు తార. ఆ రెండూ ఒక చుట్టు పూర్తి చేయడానికి 50 ఏళ్లు పడుతుంది. నీవు దీన్ని 'కంపన విశ్లేషణ ద్వారా అంచనా వేయబడిన సహచరి' అని రాశావు. అలా రాస్తే ఎవరూ చూడరు బిడ్డా, ఊగిసలాటను చూపించు.

ఇక అరుంధతి సంగతి. మా నాయనమ్మ సప్తర్షులను మంచంకోళ్లు అనేది. ఆ నాలుగు కోళ్లకు అవతల వంపుగా ఉన్న మూడు చుక్కల్లో నడిమిది వసిష్ఠుడు, దాన్ని ఆనుకొని మసకగా కనిపించేది అరుంధతి. మిట్టమధ్యాహ్నం పెళ్లిపందిట్లో 'కనిపించిందా' అని అడిగితే కనిపించిందని తలూపిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రెంటి మధ్య ఎడం పున్నమి చంద్రుడి వెడల్పులో సగం కూడా ఉండదు. రెండూ మనకు ఎనభై కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉండి, ఒకే దిక్కుగా కలిసి సాగుతున్నాయి. ఒకదాన్నొకటి చుట్టి వస్తున్నాయనుకున్నా, అంత ఎడం ఉన్నవాటికి ఒక్క చుట్టు పూర్తికావడానికి కనీసం లక్షల ఏళ్లు పడుతుంది, కనుక ఆ ప్రదక్షిణను కంటితో చూసి కనిపెట్టడం ఏ మనిషికీ సాధ్యమయ్యే పని కాదు.

అసలు విశేషం వసిష్ఠుడి లోపలే ఉంది. చిన్న టెలిస్కోపుతో చూస్తే ఆ ఒక్క చుక్క రెండుగా విడుతుంది. 1889లో హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఎడ్వర్డ్ పికరింగ్, ఆంటోనియా మౌరీ ఆ రెంటిలో ప్రకాశవంతమైనదాని వర్ణపటాలను, అంటే దాని వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలను పరిశీలించగా, అందులోని గీతలు కొన్ని రాత్రులు ఒంటిగానూ కొన్ని రాత్రులు జంటగానూ కనిపించాయి. అంటే టెలిస్కోపుకు ఒకటిగా కనిపించేది కూడా ఇరవై రోజుల చిల్లరకు ఒక చుట్టు చుట్టే రెండు నక్షత్రాలన్నమాట. దాని పక్కనున్న రెండో చుక్క కూడా అలాంటి జంటేనని తరువాత తేలింది. అరుంధతికి సైతం ఒక మసక తోడు ఉందని 2009లో బయటపడింది. పురోహితుడు వేలు చూపిన చోట ఆరు నక్షత్రాలున్నాయి. దంపతుల పోలికతో బయలుదేరిన నీవు ఈ ఆరింటినీ ఏ వరసలో కలుపుతావు? పోలికను వదిలేయమనను, మొదటి పేరాలో వాడుకొని, ఆరుగురు బయటపడగానే అక్కడే దించేయమంటున్నాను.

మూడో పుటలో రకాలను వరుసగా పేర్చిన చోట నాకు విసుగు వచ్చింది, నిజం చెప్పాలి. దృశ్య జంటలు, వర్ణపట జంటలు, గ్రహణ జంటలు అని నీవు రాసిన పేర్లు నక్షత్రాల కులగోత్రాలు కావు, అవి మన చేతికి చిక్కిన దారులు. ఒకే జంటకు రెండు మూడు పేర్లుండవచ్చు. మనకున్న దూరమూ, మనం చూసే కోణమూ మారితే పేరూ మారుతుంది. రాత్రివేళ జనగామ వైపు నుంచి వచ్చే లారీ దూరాన ఒక్క దీపంలా కనిపించి, దగ్గరికి వస్తున్న కొద్దీ రెండు దీపాలుగా విడిపోవడం నీవు చూసే ఉంటావు. అలా విడిగా కనిపించేవి దృశ్య జంటలు. కాజీపేటలో ఆగకుండా పోయే రైలు కూత వస్తున్నప్పుడు సన్నగా, ప్లాట్‌ఫారం దాటగానే బొంగురుగా వినిపిస్తుంది. వెలుగులోనూ అటువంటి మార్పు ఉంటుంది కనుక, మన వైపు వచ్చే నక్షత్రపు గీతలు వర్ణపటంలో నీలం వైపుకూ, దూరమయ్యేదాని గీతలు ఎరుపు వైపుకూ జరుగుతాయి. వసిష్ఠుడి గీతలు జంటగా చీలింది ఇందుకే.

పక్కపక్కన కనిపించినవన్నీ జంటలు కావన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. మకరరాశిలో కంటికే రెండుగా కనిపించే చుక్కలున్నాయి. వాటిలో ఒకటి నూరు కాంతి సంవత్సరాల చిల్లర దూరంలో ఉంటే రెండోది దానికి ఎన్నో రెట్లు అవతల ఉంది, ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు. ఖగోళవేత్త విలియం హెర్షెల్ కూడా మొదట జంటలన్నీ ఇలాంటి కంటి మాయలేనన్న నమ్మకంతోనే వాటిని కొలవడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి కొలిచాక, కొన్ని నిజంగానే ఒకదాన్నొకటి చుట్టి వస్తున్నాయని 1803లో ప్రకటించాడు.

ఒకదానికొకటి అడ్డు వచ్చి మసకబారే గ్రహణ జంటలకు నీవు రెండు వాక్యాలే కేటాయించావు. నేనైతే రెండు పుటలు ఇస్తాను. ఈ కార్తీకంలో రాత్రి తొమ్మిదింటికి పిల్లలకోడి చుక్కల నుంచి ఉత్తరంగా చూపు జరిపితే ఆల్గాల్ అనే నక్షత్రం కనిపిస్తుంది. అది 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి సుమారు ఐదు గంటల పాటు మసకబారి, మూడో వంతు వెలుగుకు పడిపోయి, మళ్లీ అంతే సేపట్లో తేరుకుంటుంది. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో జాన్ గుడ్రిక్ అనే వినికిడి లేని పద్దెనిమిదేళ్ల కుర్రవాడు దీన్ని రాత్రి తరువాత రాత్రి గమనించి, కాలాన్ని లెక్కగట్టి, మసకైన వస్తువేదో అడ్డు వస్తూ ఉండవచ్చని 1783లో రాయల్ సొసైటీకి నివేదించాడు. నక్షత్రం మీద మచ్చలుండి అది తిరుగుతున్నా ఇలాగే జరగవచ్చని రెండో ఊహనూ దాచకుండా చెప్పాడు. మొదటి ఊహే సరైనదని వర్ణపటాలతో రుజువు కావడానికి నూరేళ్లు పట్టింది. గుడ్రిక్ మాత్రం ఇరవై ఒకటో ఏటనే చనిపోయాడు. ఇలాంటి వెలుగునీడల కొలతలు మనకు దూరపు సంగతులేమీ కావు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాలలో 1968లో నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపుతో ఏళ్ల తరబడి జరిగిన ముఖ్యమైన పని జంట నక్షత్రాల మీదనే. ఈ వాక్యం నీ వ్యాసంలో తప్పక ఉండాలి.

ఆల్గాల్‌లో ఒక చిక్కుముడి ఉంది. బరువైన నక్షత్రం ఇంధనాన్ని త్వరగా కాల్చేసి ముందుగా ముసలిదవుతుంది, తేలికైనది నెమ్మదిగా కాలుతూ చాలాకాలం బతుకుతుంది. ఆల్గాల్ జంటలో సూర్యుడికి మూడు రెట్లకు పైగా బరువున్నది ఇంకా పడుచుగా ఉంటే, సూర్యుడి బరువైనా లేనిది ఉబ్బి ముసలిదైంది. లెక్క తలకిందులైనట్టు కనిపించే ఈ సంగతికి సమాధానం మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో దొరుకుతుంది. ప్రతి నక్షత్రం చుట్టూ దాని గురుత్వాకర్షణ చెల్లే ఒక హద్దు ఉంటుంది. దాన్ని చెరువుకట్ట అనుకో. రెండు నక్షత్రాలూ తమ కట్టల లోపల ఒదిగి ఉన్నంతకాలం దేని బతుకు దానిది. వయసు మీరి ఒకటి ఉబ్బినప్పుడు దాని వాయువు కట్ట అంచుకు చేరి, రెండు హద్దులూ కలిసే చోట, ఎగువ చెరువు నిండి మత్తడి దుంకినట్టుగా రెండోదానిలోకి దుంకుతుంది. ఇప్పుడు ముసలిదిగా కనిపిస్తున్న ఆ తేలిక నక్షత్రమే ఒకప్పటి బరువైనది; తన సొత్తులో ఎక్కువ భాగం తోడుకు ధారపోసి తేలికైంది. ఇక రెండు చెరువులూ కట్టలు మునిగి ఒకే నీటిపరుపుగా మారినట్టు, ఉమ్మడి వాయువు పొరను కప్పుకొని ఒక రోజు కంటే తక్కువ కాలంలోనే చుట్టు పూర్తిచేసే అంటుజంటలూ ఉన్నాయి. నక్షత్రాల నడవడిని బట్టి రకాలు చెప్పాలంటే ఈ మూడు మాటలు చాలు: విడిగా ఉన్నవి, ఒకటి మత్తడి దుంకుతున్నవి, రెండూ కలిసిపోయినవి. మూడో పుటలోని పేర్ల మూటను విప్పి ఇక్కడికి తెచ్చుకో.

మత్తడి కింద ఉన్నది తెల్ల మరుగుజ్జు అయితే కథ వేరు. మీద పడిన హైడ్రోజన్ పేరుకొని ఒక్కసారిగా అంటుకుంటే అది నోవా. ఆ మరుగుజ్జు బరువు ఖగోళ భౌతికవేత్త చంద్రశేఖర్ లెక్కగట్టిన హద్దుకు, అంటే సూర్యుడికి 1.4 రెట్ల దాపుకు చేరితే, నక్షత్రం మొత్తం పేలిపోయే సూపర్‌నోవా అవుతుంది. ఇది మరో వ్యాసానికి సరిపడా సరుకు, ఇక్కడ తొక్కి కుక్కవద్దు.

ముగ్గురూ నలుగురూ ఉన్న కుటుంబాల గురించి ఒక సవరణ. వేయిస్తంభాల గుడి త్రికూటాలయంలో మూడు గర్భగుడులు ఒకే మండపం చుట్టూ అమరినట్టు మూడు నక్షత్రాలు అమరుతాయని రాశావు. మన ఊరి గుడిని తేవాలన్న నీ ఆశ నాకు అర్థమైంది గానీ, సమదూరంలో ఉన్న మూడు నక్షత్రాలు ఎక్కువ కాలం నిలవవు; లాగులాటలో ఒకటి బయటికి విసిరివేయబడుతుంది. నిలిచేది ఇద్దరు దగ్గరగా, మూడోది బాగా దూరంగా ఉండే అమరిక. మనకు అతి దగ్గరి పొరుగైన ఆల్ఫా సెంటారీలో రెండు నక్షత్రాలు సుమారు 80 ఏళ్లకు ఒక చుట్టు చుడితే, మూడోదైన ప్రాక్సిమా ఎక్కడో దూరాన లక్షల ఏళ్ల చుట్టు మీద ఉంది. అది జంట అని 1689లో మొదట గమనించింది పుదుచ్చేరిలో ఒక తోకచుక్కను చూస్తున్న ఫ్రెంచి మతగురువు రిషో. వైశాఖంలో మీ ఊరి నుంచి కూడా దక్షిణాన, చెట్ల తలలకు కాస్త పైన అది కనిపిస్తుంది. నక్షత్ర గుచ్ఛాల మీద నీవు రాసిన చివరి రెండు పుటలను మాత్రం పూర్తిగా తీసేయి, అవి వేరే సంగతి.

తిరగరాసే ముందు ఆల్గాల్‌ను నీ కళ్లతో ఒకసారి పట్టుకో. మామూలు రాత్రుల్లో అది దగ్గరలోని ఆల్మాక్ అనే నక్షత్రానికి దీటుగా వెలుగుతుంది. ఏ రాత్రయినా దానికన్నా స్పష్టంగా మసకబడి కనిపిస్తే గంట గంటకూ రాసిపెట్టుకో. అతి మసకైన సమయం రాత్రి 11 గంటలకు తేలితే, సరిగ్గా మూడు రోజుల తరువాతి రాత్రి అదే ఘట్టం 7 గంటల 49 నిమిషాలకు రావాలి. వచ్చిందో లేదో చూసి, ఆ రాసుకున్న కాగితాన్ని వ్యాసంతోపాటు నాకు పంపు.

మీ బాపు పత్తి అమ్మడానికి ఎనుమాముల మార్కెట్‌కు వచ్చినప్పుడు నా బైనాక్యులర్ ఇచ్చి పంపుతాను. ఆల్గాల్‌కు అది అక్కరలేదు గానీ మకరరాశి జంటకు పనికొస్తుంది. దాని కుడి కంటి వైపు చక్రం వదులైంది, వేలితో అదిమి పట్టుకొని తిప్పాలి.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు