ఇతర దేశాల స్త్రీలకు సంఘీభావంగా బొమ్మ వేసేటప్పుడు

ఇతర దేశాల్లోని స్త్రీల పోరాటాలకు సంఘీభావంగా తిరుపతిలోని మీ విద్యార్థినుల బృందం ఒక పెద్ద చిత్రం తయారుచేయాలనుకుంటోందని, అయితే ఎన్నడూ చూడని వారి బాధను అలంకారంగా వాడుకున్నట్టవుతుందేమోనని సందేహిస్తున్నారని రాశారు. నేను శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుని, తిరుపతిలో కుట్టుపని చేసుకునే స్త్రీలతో కలిసి ఇటువంటి వస్త్రచిత్రాలు చేస్తున్నదాన్ని కనుక నాకు తెలిసినంత చెబుతాను.

మీరు వాడదలచిన గుర్తును మీ వీధిలోనివారు ఏమని అర్థం చేసుకుంటారో ముందు చూసుకోండి. 2022 సెప్టెంబరులో ఇరాన్‌లో, తలవస్త్రం సరిగా ధరించలేదన్న ఆరోపణపై పోలీసులు పట్టుకుపోయిన మహ్సా అమీనీ మరణించినప్పుడు, అక్కడి స్త్రీలు బహిరంగంగా జుట్టు కత్తిరించుకుని నిరసన తెలిపారు. మా బృందంలో ఒకరు కత్తిరించిన జడనే బొమ్మగా వేద్దామన్నారు. కానీ తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చిన స్త్రీలు మన వీధుల్లో రోజూ కనిపిస్తారు. ఇక్కడ తీసిన జుట్టు మొక్కు చెల్లించుకోవడమే తప్ప ధిక్కారం కాదు. అలిపిరి వైపు వెళ్లే యాత్రికురాలు మా బొమ్మకు దణ్ణం పెట్టుకున్నా ఆశ్చర్యపోనక్కరలేదు.

కాలుతున్న తలవస్త్రాన్ని వేద్దామన్న సూచన ఇంకా చిక్కైనది. అదే 2022లో కర్ణాటకలో హిజాబు ధరించిన ముస్లిం విద్యార్థినులను తరగతుల్లోకి రానివ్వలేదు, ఆ నిషేధాన్ని అక్కడి హైకోర్టు మార్చి నెలలో సమర్థించింది. మాతో కలిసి కుట్టే ముస్లిం స్త్రీలకు ఇరాన్ వార్త కంటే ఈ వార్త దగ్గరిది. అటు అర్జెంటీనాలో, సైనిక ప్రభుత్వం మాయం చేసిన బిడ్డల కోసం 1977 నుంచి బ్యూనస్ ఎయిరీస్‌లోని ప్లాసా డె మాయో అనే కూడలిలో ప్రదక్షిణగా నడిచిన తల్లులకు తెల్లని తలగుడ్డే గుర్తుగా నిలిచింది. ఒకచోట సంకెలగా ఉన్న గుడ్డ మరొకచోట జెండా అయినప్పుడు గుడ్డను తగలబెట్టి చూపడం న్యాయం కాదనిపించి, దాన్ని బలవంతంగా కప్పుతున్న ఒక చేతినీ, బలవంతంగా లాగుతున్న మరొక చేతినీ, ఆ రెండింటి నడుమ నిటారుగా నిలబడిన స్త్రీనీ వేశాము. దీనిపై మాలో మేము చాలాసేపు వాదించుకున్నాము. అందరూ ఒప్పుకున్నారని చెప్పలేను.

తరువాత, ఆ బొమ్మ వల్ల ఏం జరగాలో కూడా ఆలోచించండి. 1973 సెప్టెంబరు 11న చిలీలో పినోచెట్ సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నాక, శాంటియాగో పేదవాడల్లోని స్త్రీలు గోనెగుడ్డపై పాత బట్టల ముక్కలు కుట్టి, కనిపించకుండా పోయిన తమవారినీ, ఆకలినీ, ఉమ్మడి వంటశాలలనూ చిత్రించారు. క్యాథలిక్ చర్చి అండతో అవి విదేశాల్లో అమ్ముడై, అక్కడి వార్తను బయటికి చేర్చాయి, కుట్టినవారి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చాయి. గోడకు తగిలించి ఫొటోలు తీసుకునే ప్రదర్శనలు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే: వాటిలో ఎవరికీ ఏదీ చేరదు.

ఇక పరాయి బాధ సంగతి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం కూలి, బట్టల ఫ్యాక్టరీల కార్మికులు 1,100 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది స్త్రీలు. గోడలకు పగుళ్లు ముందురోజే కనిపించినా వారిని మళ్లీ పనిలోకి రప్పించారు. మా కుట్టుపని స్త్రీలు ఆ శవాలను వేయలేదు; తాము పనిచేసే గదికున్న ఒకే ఒక్క ఇరుకు మెట్లదారిని వేసి, దానికింద రాణా ప్లాజా తేదీ కుట్టారు. న్యూయార్క్‌లో 1911లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో చనిపోయిన 146 మంది పేర్లను, వారు నివసించిన ఇళ్ల ముందు సుద్దముక్కతో నేలమీద రాసే పద్ధతి 2004 నుంచి ఏటా మార్చి 25న సాగుతోంది. ముగ్గు వేసే చేతులకు ఇది కొత్త కాదు గనుక మీరూ చేయవచ్చు, కాకపోతే ముగ్గు అందరి ఇళ్ల అలవాటు కాదు; బృందంలో ప్రతి ఒక్కరినీ అడిగాకే మొదలుపెట్టండి.

కలంకారీ మాత్రం మీకు సలహా ఇవ్వను. బట్టను కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టడం, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి నల్లరంగు చేయడం, పటిక పూయడం, పారే నీటిలో ఉతకడం అన్నీ అయ్యేసరికి మీ పరీక్షలు వచ్చేస్తాయి. పాత చీరల ముక్కలు చాలు. బట్ట వెనుక, దీన్ని ఎవరు కుట్టారో, ఎవరి ఏ కోరికకు మద్దతుగా కుట్టారో తెలుగులోనూ, తమిళంలోనూ, ఉర్దూలోనూ రాయించండి. తిరుపతిలో ఈ మూడూ చదివేవారు ఉన్నారు.