వంశధార బురదలో ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది గార మండలం. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసింది. నదులు సముద్రంలో కలిసే చోట లోహ కాలుష్యంపై పరిశోధన చేస్తానంటోంది. మేము హైదరాబాద్‌లో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు అనుకుంటున్నాం. ఏది మంచిది?

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, కోర్సు పేరే మారుతుంటుంది. మీరు అడిగింది పోలిక. అడగలేకపోయింది, ‘ఇంత చదివి బురద తవ్వే పనా? పెళ్లెప్పుడు?’ అని.

ఆ బురద సంగతే ముందు వినండి. నదినీరు ఉప్పునీటిని తాకగానే, అందులోని అతి సన్నని ఇనుప రేణువులు పాలు విరిగినట్టు గడ్డకట్టి అడుగుకు దిగుతాయి. సీసం వంటి లోహాలు చాలావరకు వాటిని అంటుకుని బురదలో చేరతాయి. కాడ్మియం తీరు వేరు. ఉప్పులోని క్లోరైడ్‌తో జతకట్టి, మట్టిని వదిలి తిరిగి నీటిలోకి వస్తుంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో పైనీరు తేటగా కనిపించినంత మాత్రాన నది శుభ్రంగా ఉందని చెప్పలేం. కొలవాల్సింది గ్రాములో వందకోట్లో వంతు. సీసా సరిగా కడగకపోతే దాని మురికిని నదికి అంటగట్టినట్టే. అంత జాగ్రత్త అలవాటైన చేతికి మందుల కంపెనీల ల్యాబుల్లోనూ పని ఉంటుంది. పైడిభీమవరం మీ జిల్లాలోనే ఉంది కదా.

ఇక ఆరు నెలల కోర్సులంటే నాకు అనుమానమే. లెక్కల మీద ఇష్టంతో చేరినవాళ్లు నిలదొక్కుకుంటారు. పక్కింటి అబ్బాయి చేరాడని చేరినవాళ్లు ఏడాది తిరక్కుండా నా దగ్గరికే వస్తారు. ‘ఉద్యోగం ఖాయం’ అన్న మాటను కాగితం మీద రాసిమ్మని అడగండి, ఎందరు రాస్తారో చూద్దాం. నమూనాల ఫలితాలను విశ్లేషించడానికి మీ అమ్మాయి ఎలాగూ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాల్సిందే.

కోప్పడకండి. ఫీజు ఎంతో, హాస్టల్ ఎక్కడో మీ ఉత్తరంలో రెండు పేజీలు రాశారు. ‘ఇదే ఎందుకమ్మా?’ అని ఆమెను అడిగిన జాడ ఒక్క వాక్యంలోనూ లేదు.

పరిశోధనలో పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువే, దాచను. అందుకే ఎమ్మెస్సీలో అనలిటికల్ కెమిస్ట్రీ, అంటే దేనిలో ఏది ఎంతుందో కొలిచే చదువు, తీసుకుంటే పరిశోధన, కంపెనీ ల్యాబు రెండు దారులూ తెరిచి ఉంటాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు. పరీక్షల సంగతి ఆమెకే బాగా తెలుసు. మీరు చేయాల్సింది ఒక్కటే: చేర్చే ముందు ఆ విభాగానికి వెళ్లి, లోహాలు కొలిచే యంత్రం పనిచేస్తోందా, గుడ్డ కప్పి మూలన పెట్టారా చూసి రండి.